సర్కారు కాగితముపై చేవ్రాలు

నాగోల్ చౌరస్తాపై కట్టిన ఆరు వరుసల వంతెన 2022 అక్టోబరులో జనులకు తెరువబడెను. దాని పొడవు 990 మీటర్లు. వ్యయము 143 కోట్ల రూపాయలకు పైబడెను. ఉప్పల్ నుండి ఎల్బీనగర్ వైపు పోవు బాటసారి ఆ వంతెనపై ఇనుమును, సిమెంటును చూచునే గాని, వానికి ముందు పుట్టిన కాగితములను చూడడు. వంతెనకు పునాది నేలలో ఉన్నట్లే, వంతెన వ్యయమునకు పునాది కాగితములలో ఉండును. ఆ కాగితములకు ప్రాణము పోయునది చేవ్రాలు. సర్కారు కాగితముపై చేవ్రాలు ఎవరు చేయవలయును, ఎట్లు చేయవలయును, చేసిన దానికి ఎవరు బద్ధులగుదురు అను విషయమును గూర్చి మన పాఠకులకు కొంత తెలియుట ఆవశ్యకమని మేము తలంచుచున్నాము.

ఈ వంతెన, వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకమను పేర గ్రేటర్ హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషను చేపట్టిన పనులలో ఒకటి. ఆ పథకమునకై కార్పొరేషను బాండ్లు అమ్మి అప్పు తెచ్చెను. 2018 ఫిబ్రవరిలో 8.90 శాతము వడ్డీకి 200 కోట్లు, ఆ సంవత్సరమే ఆగస్టులో 9.38 శాతమునకు 195 కోట్లు, 2019 ఆగస్టులో 10.23 శాతమునకు 100 కోట్లు, వెరసి 495 కోట్ల రూపాయలు. ఒక్కొక్క తడవకు వడ్డీ పెరుగుచు పోయినదని పాఠకులు గమనింతురు గాక. ఈ మొత్తపు అసలుపై సంవత్సరమునకు వడ్డీయే 46 కోట్ల రూపాయలకు పైబడును. ఏ రూపాయి ఏ వంతెనకు పోయినదో విడదీయుట మా ఉద్దేశము కాదు. అప్పు చేసినది ఎవరు, తీర్చవలసినది ఎవరు అనునదే మా ప్రశ్న.

నాగోల్‌లోని గృహస్థుడు ఏ బాండుపైనను సంతకము చేయలేదు. అయినను తీర్చువాడు అతడే. మునిసిపల్ బాండ్లను గూర్చి సెబీ 2015లో చేసిన నిబంధనల ప్రకారము, బాండ్లు అమ్మిన పురపాలక సంఘము తన రాబడిలో నిర్ణీతమైన భాగమును ప్రత్యేక ఖాతాలో జమచేసి, ఋణదాతల వాయిదాలకు అందుండి సొమ్ము ఏర్పరుపవలయును. ఇంటి పన్ను కట్టువాడు తన పావతిని బీరువాలో దాచుకొని నిశ్చింతగా ఉండును. ఆ పన్ను ఎవరి చేవ్రాలు చేత, ఎంతకాలము వరకు, ఎవరికి కట్టుబడియున్నదో ఆ పావతిలో వ్రాయబడి ఉండదు.

సొంత సంతకము, సర్కారు సంతకము

రైతు ప్రామిసరీ నోటు వ్రాసినచో తన చేనిని తాను కట్టివేసుకొనును. నష్టమైన అతనిదే, లాభమైన అతనిదే. సర్కారు ఉద్యోగి వ్రాసినచో తనది కాని సొమ్మును, తాను ఎన్నడును చూడని వారి సొమ్మును కట్టివేయును. అందుచేతనే సొంత సంతకమునకు లేని కంచెలను న్యాయశాస్త్రము సర్కారు సంతకము చుట్టు కట్టినది. ఆ కంచెలు మూడు. సంతకము చేయుటకు అతనికి అధికారమిచ్చిన శాసనము ఏది? ఆ శాసనము చెప్పిన పద్ధతిని అతడు పాటించెనా? చెప్పిన హద్దులలో ఉండెనా? ఈ మూటిలో ఏ ఒక్కటి తప్పినను, ఎంత పెద్ద ఉద్యోగి చేవ్రాలైనను సిరాగీతయే.

మన రాజ్యాంగములోని 299వ అధికరణము ఈ విషయమును స్పష్టపరచినది. కేంద్ర ప్రభుత్వపు ఒప్పందములు రాష్ట్రపతి పేరను, రాష్ట్ర ప్రభుత్వపు ఒప్పందములు గవర్నరు పేరను ఉండవలయును. వారిచే అధికారము పొందిన వారు, వారు నిర్దేశించిన రీతిని వానిపై సంతకము చేయవలయును. అట్లు చేసిన ఉద్యోగికి ఆ ఒప్పందము విషయమై స్వంత బాధ్యత లేదు. అనగా సంతకము మనుష్యునిది కాదు, పదవిది. మనుష్యుడు బదిలీ యగును, ఉద్యోగవిరమణ చేయును, మరణించును. పదవి చేసిన సంతకము నిలిచియుండును.

ఈ నియమము ఒట్టి లాంఛనమని తలంచువారు భిఖ్‌రాజ్ జైపూరియా వ్యాజ్యమును తెలిసికొనవలయును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈస్ట్ ఇండియన్ రైల్వేకు చెందిన ఒక డివిజనల్ సూపరింటెండెంటు ఆహారధాన్యములు సరఫరా చేయుమని ఒక వర్తకునకు ఆర్డరులిచ్చెను. ధాన్యము కొంత పుచ్చుకొని తక్కినది రైల్వేవారు నిరాకరించిరి. వర్తకుడు నష్టపరిహారమునకై వ్యాజ్యము వేసెను. ఆ ఆర్డరులు నాటి చట్టము కోరినట్లు గవర్నరు జనరలు పేరను లేవు; ఆయన తరఫున చేసినట్లును లేవు. అందుచేత ఆ ఒప్పందము చెల్లదని 1961లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. సంతకము నిజమైనదే, ఉద్యోగి నిజమైనవాడే. పద్ధతి మాత్రము తప్పినది. నష్టము వర్తకునిది.

ఇది అన్యాయము కాదా యని కొందరు అడుగుదురు. ఆ సంవత్సరమే అదే న్యాయస్థానము బి. కె. మండల్ వ్యాజ్యములో ఆ కాఠిన్యమును కొంత సడలించెను. బెంగాలు ప్రభుత్వమునకై ఒక కంట్రాక్టరు గిడ్డంగులు, బాట నిర్మించెను; ఒప్పందము పద్ధతి ప్రకారము లేదు; కాని ప్రభుత్వము ఆ కట్టడములను అనుభవించెను. ఉచితముగా చేయు ఉద్దేశము లేక ఒకరు చేసిన పనివలన లాభము పొందినవారు దానికి పరిహారమీయవలయునని కాంట్రాక్టు చట్టపు 70వ సెక్షను చెప్పుచున్నది గనుక, ప్రభుత్వము వానికి సొమ్ము చెల్లింపవలయునని తీర్పయ్యెను. అయినను ఇది గండము గడచుటయే గాని రాజమార్గము కాదు. సర్కారుతో వ్యవహరించువాడు మొదటనే పత్రమును చూచుకొనుట, పిదప పదునెనిమిదేండ్లు న్యాయస్థానముల చుట్టు తిరుగుట కంటె మేలు.

చేతి సంతకము, అచ్చు సంతకము

ఒప్పందము ఒకటి రెండు ప్రతులు. బాండ్లు వేలకొలదిగా ఉండును. వేల బాండ్లపై ఒక్క చేయి సంతకము చేయుట సాధ్యమా? ఈ చిక్కునకు శాసనకర్తలు ఏనాడో మార్గము కనిపెట్టిరి. ప్రభుత్వ ప్రామిసరీ నోట్లపై అధికారి సంతకమును అచ్చువేయవచ్చును, చెక్కవచ్చును, యంత్రముతో ముద్రింపవచ్చును. అది స్వహస్తముతో చేసినట్లే చెల్లునని 1944 నాటి పబ్లిక్ డెట్ చట్టము చెప్పెను. కరెన్సీ నోటుపై రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకమును ప్రతిదినము చూచు మనకు ఇది వింత కాదు.

కాని ఆ చట్టమే నోటును బదిలీ చేయు స్వంతదారుని విషయములో అంత ఉదారముగా లేదు. అతడు గాని, అతడు నియమించిన ముఖ్తారు గాని ఆ నోటు వెనుకవైపుననే సంతకము చేయవలయును. వేరు కాగితము అంటించి దానిపై వ్రాసినచో చెల్లదు. ఏ కారణముచేతనైనను వ్రాయలేనివాడు కోరినచో అతని తరఫున పత్రమును ఎట్లు వ్రాయించవలయునో నిబంధనలు చేయుటకును ఆ చట్టము వీలు కల్పించెను. తెల్లకాగితముపై వేలిముద్ర వేయించుకొని చేను వ్రాయించుకొన్న షావుకార్లను ఎరిగిన మన పల్లెలకు ఈ జాగ్రత్త విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 1944 నాటి చట్టము స్థానమున 2006లో చేసిన ప్రభుత్వ సెక్యూరిటీల చట్టము 2007 డిసెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఇక చెల్లింపు పత్రముల సంగతి. బాండుపై అచ్చు సంతకమును అంగీకరించిన మన సర్కారే ఖజానాలో రబ్బరు ముద్రను అంగీకరింపదు. ముద్రతో వేసిన సంతకము గల ఓచరుపై సొమ్ము ఈయరాదనియు, కార్యాలయాధికారికి బదులు గుమాస్తా చేసిన సంతకముపై ఈయరాదనియు ట్రెజరీ నిబంధనలు చెప్పుచున్నవి. బిల్లులు సమర్పించు ప్రతి అధికారి నమూనా సంతకము ఖజానాలో ఉండవలయును. అధికారి మారినప్పుడు, పోవువాడు వచ్చువాని నమూనా సంతకమును ధ్రువపరచి పంపవలయును. మంజూరు చేయు చేయి వేరు, బిల్లు వ్రాయు చేయి వేరు, సొమ్మిచ్చు చేయి వేరు. ఒకే చేయి మూడు పనులు చేసినచోట కంచె చేను మేయుటకు వీలు కలుగును.

అమెరికాలో ఈ వ్యవస్థ తలక్రిందుగా ఉండుట వినోదకరము. అక్కడ 1958లో ఒక నమూనా చట్టమును తయారుచేయగా పెక్కు రాష్ట్రములు దానిని స్వీకరించెను. దాని ప్రకారము అధికారి తన స్వహస్తపు సంతకమును ప్రమాణపూర్వకముగా రాష్ట్ర కార్యదర్శి కార్యాలయములో దాఖలు చేసిన పిమ్మట అచ్చు సంతకమును వాడుకొనవచ్చును. చెక్కులు మొదలగు చెల్లింపు పత్రములపై అచ్చు సంతకమే చాలును. బాండుపై మాత్రము కనీసమొక్క సంతకమైనను చేతితో చేసినదై ఉండవలయును. మోసముచేయు తలంపుతో అచ్చు సంతకమును వాడుట తీవ్రమైన నేరము. వారు అప్పుపత్రమునకు చేతిని కోరిరి. మనవారు చెల్లింపునకు చేతిని కోరిరి. ఎక్కడ ప్రమాదము ఎక్కువయని తలంచిరో అక్కడ మనుష్యుని కన్ను ఉండవలయునని ఇరువురి అభిప్రాయము. మార్గములు వేరైనను నీతి ఒక్కటే.

పది లక్షల పౌన్ల పాఠము

ఒక్క చేవ్రాలు ఎంత దూరము పోగలదో హైదరాబాదు వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. నిజాం ప్రభుత్వమునకు లండనులోని వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఒక ఖాతా ఉండెను. దానిపై సంతకము చేయు అధికారము గల సచివుడు మొయిన్ నవాజ్ జంగ్. 1948 సెప్టెంబరు 17న నిజాం సైన్యము పోరాటము విరమించెను. మూడు దినములకు, సెప్టెంబరు 20న, ఆ ఖాతాలోని 10,07,940 పౌన్ల 9 షిల్లింగులు మొయిన్ నవాజ్ జంగ్ ఉత్తరువుపై లండనులోని పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా పేర జమపడెను. బ్యాంకువారు తమ దస్తరములోనున్న సంతకముతో సరిచూచుకొని సొమ్ము మార్చిరి. సెప్టెంబరు 27న నిజాము, ఇది తన అనుమతి లేక జరిగినదనియు, సొమ్ము తిరిగి ఈయవలయుననియు బ్యాంకును కోరెను. పాకిస్తాన్ సమ్మతి లేక ఈయజాలమని బ్యాంకు బదులు చెప్పెను.

తరువాతి కథ ఒక పురాణము. నిజాము వ్యాజ్యము వేసెను. అన్య సార్వభౌమ ప్రభుత్వముపై ఇక్కడ వ్యాజ్యము నడువదని 1957లో ఇంగ్లండులోని ప్రభువుల సభ తీర్పు చెప్పెను. సొమ్ము బ్యాంకులోనే స్తంభించిపోయెను. 2013లో పాకిస్తాన్ తానే వ్యాజ్యము వేయుటచే ఆ సార్వభౌమ రక్షణ తొలగెను. 2019 అక్టోబరు 2న లండను హైకోర్టు న్యాయమూర్తి మార్కస్ స్మిత్ తీర్పు చెప్పెను. ఆ సొమ్ము ఆయుధముల వెలగా వచ్చినదను వాదమును ఆయన అంగీకరింపలేదు. రహీంతులా పేర జమపడినను దాని హక్కు ఏడవ నిజాముదేననియు, కావున అది ఆయన వారసులకును వారితో రాజీపడిన భారత ప్రభుత్వమునకును చెందుననియు నిర్ణయించెను. అప్పటికి ఆ మొత్తము సుమారు 3 కోట్ల 50 లక్షల పౌన్లయ్యెను. సంతకము చేయుటకు పట్టినది ఒక్క నిమిషము. దానిని సరిదిద్దుటకు పట్టినది డెబ్బది యొక్క సంవత్సరములు. చేయించినవారు, చేసినవారు, పుచ్చుకొన్నవారు, కోరినవారు అందరును గతించిరి.

ఇందు నేర్చుకొనవలసినది ఏమి? బ్యాంకు దస్తరములో పేరుండుట ఒకటి, సొమ్ముగలవాని అనుమతి ఉండుట వేరొకటి. ప్రభుత్వము కూలుచున్న వేళ పాత పేరు దస్తరములో అట్లే నిలిచియుండెను. అధికారము మారిన క్షణముననే నమూనా సంతకములు మారవలయునను ట్రెజరీ నిబంధన గుమాస్తాల చాదస్తము కాదని దీనివలన తెలియుచున్నది.

పాత కథలని దీనిని త్రోసివేయుటకు వీలు లేదు. 2021లో హైదరాబాదులోని తెలుగు అకాడమీకి చెందిన ఫిక్సెడ్ డిపాజిట్లు, గడువు తీరకముందే, సుమారు 64 కోట్ల రూపాయల మేరకు మాయమైనట్లు బయలుపడెను. కల్పిత పత్రములతో ఆ సొమ్మును మళ్లించిరని పోలీసులు తెలిపిరి. తెలుగు బిడ్డల పాఠ్యపుస్తకములకు ఆధారమైన సొమ్ము దొంగ కాగితములకు లొంగినది. నెలకొకమారు డిపాజిట్లను బ్యాంకులో స్వయముగా సరిచూచు అలవాటు ఏ సంస్థలోనున్నను ఇట్టి దొంగతనము తొలినెలలోనే పట్టుబడును.

కాగితము లేని కాలము

నేడు బాండునకు కాగితమే లేదు. గ్రేటర్ హైదరాబాదు బాండ్లు డీమాట్ రూపమున ఉన్నవి. స్వంతదారుని పేరు డిపాజిటరీ లెక్కలలో ఉండును. ప్రభుత్వపు బిల్లులును కంప్యూటరు ద్వారముననే ఖజానాకు పోవుచున్నవి. కావున సంతకము మాయమైనదని భ్రమపడరాదు. అది స్థలము మార్చుకొన్నది, అంతియే. బాండుపై లేని చేవ్రాలు కార్పొరేషను తీర్మానముపై ఉన్నది, ప్రభుత్వపు అనుమతి ఉత్తరువుపై ఉన్నది, ఋణదాతల తరఫు ట్రస్టీతో వ్రాసికొన్న దస్తావేజుపై ఉన్నది. కార్పొరేషను అప్పు తెచ్చుటకు ప్రభుత్వము అనుమతి కావలయునని 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుల చట్టము చెప్పుచున్నది. ఈ మూడు పత్రములే అసలైన బాండు.

2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు చేవ్రాలితో సమానమైన విలువ నిచ్చినది. ఆ సంతకమునకు ఆధారమైన రహస్యపు తాళమును తన అధీనములోనే ఉంచుకొనుట దాని యజమాని విధియని ఆ చట్టపు 42వ సెక్షను చెప్పుచున్నది. కాని పని ఒత్తిడి యను మిషతో తన తాళమును, దాని గుప్తపదమును గుమాస్తా చేతిలో పెట్టు అధికారి, ఖజానా నిరాకరించిన రబ్బరు ముద్రను దొడ్డిదారిని మరల లోనికి తెచ్చుచున్నాడు. పూర్వము దొంగసంతకమునకు చేతివ్రాత నిపుణుడు సాక్షి యుండెడివాడు. నేడు అరువిచ్చిన తాళముతో చేసిన సంతకము అసలు సంతకమే యగును. దానిని ఏ నిపుణుడును వేరుచేయజాలడు.

పరపాలనలో అడిగిన ప్రశ్న

ఈ ప్రశ్న మన జాతికి క్రొత్తది కాదు. 1922 డిసెంబరులో గయలో కూడిన కాంగ్రెసు, ప్రజలకు ప్రాతినిధ్యము వహింపని శాసనసభల పేర ఇకమీదట చేయు అప్పులకు భారతజాతి బాధ్యత వహింపదని తీర్మానించెను. 1931లో కరాచీ కాంగ్రెసు పిమ్మట, ఇంగ్లండు మన పేర వ్రాసిన అప్పులను పరిశీలించుటకు బహదూర్జీ, భూలాభాయి దేశాయి, కె. టి. షా, జె. సి. కుమారప్పలతో ఒక సంఘము ఏర్పడెను. మా పేర మీరెట్లు సంతకము చేసితిరని వారు సామ్రాజ్యమునే అడిగిరి. నేడు సంతకము చేయువారు మనవారే. అయినంతమాత్రమున అడుగుట మానుట స్వరాజ్యము కాదు. పరప్రభువును అడుగుటకు సాహసము కావలయును. స్వప్రభుత్వమును అడుగుటకు అలవాటు చాలును. 292, 293 అధికరణములు అప్పులకు శాసనసభలు హద్దులు విధింపవచ్చునని చెప్పినవి. ఆ హద్దులను ఎరిగిన పౌరుడు లేనిచో అవి అచ్చుపుస్తకములోని అక్షరములు మాత్రమే.

నాగోల్ మొదలు దిల్‌సుఖ్‌నగర్ వరకు గల ఇండ్ల యజమానులు ఇందు ఒక ప్రత్యేకమును గమనింపవలయును. ఎల్బీనగర్ మొదలగు 12 మునిసిపాలిటీలు 2007లో గ్రేటర్ హైదరాబాదు కార్పొరేషనులో కలిసెను. పరిపాలనపు హద్దులు కలియుచుండును, విడిపోవుచుండును, పేర్లు మారుచుండును. హద్దు మారినంతమాత్రమున అప్పు మాయము కాదు. ఎవరి వంతున ఎంత పడినదో తెలిపెడి పత్రమును కోరు హక్కు, పన్ను కట్టు ప్రతివానికిని కలదు. 2005 సమాచార హక్కు చట్టము ప్రకారము పది రూపాయల రుసుముతో తీర్మానపు నకలును, అనుమతి ఉత్తరువును, వాయిదాల లెక్కను అడుగవచ్చును.

మా కోరికలు స్వల్పములు. పన్ను ఆధారముగా తెచ్చిన ప్రతి అప్పునకును తీర్మానపు తేదీ, అనుమతి సంఖ్య, సంతకము చేసిన అధికారి హోదా, తీరిన మొత్తము, మిగిలిన మొత్తము తెలుపు ఒక పలకను ప్రతి వార్డు కార్యాలయములోను తెలుగున వ్రాసి ఉంచవలయును. అధికారి బదిలీ యైన దినముననే అతని డిజిటల్ సంతకము రద్దు కావలయును. తాళమును అరువిచ్చుట తీవ్రమైన క్రమశిక్షణా దోషముగా పరిగణింపబడవలయును.

ప్రజలును తమవంతు చేయవలయును. బాటకై భూమి నిచ్చి పరిహారము పుచ్చుకొనువారు, సర్కారుకు సరుకు నిచ్చువారు, ఉత్తరువుపై పేరు, హోదా, తేదీ, సంఖ్య ఉన్నవా, ప్రభుత్వము తరఫున అని స్పష్టముగా ఉన్నదా యని చూచుకొనవలయును. సొమ్ము చేతికి రాకముందు పావతిపై సంతకము చేయరాదు. ఖాళీ కాగితముపై ఏ పెద్దమనుష్యుడు అడిగినను చేయరాదు. నకలు లేక ఇల్లు చేరరాదు. ఇట్లు అడుగుట ఉద్యోగిని అవమానించుట కాదు. నీతిమంతుడైన ఉద్యోగికి ఇట్టి ప్రశ్న రక్షణయే యగును. తన చేవ్రాలు వెనుక శాసనమున్నదని చూపుటకు అతడు సంతోషించును. చూపుటకు సంకోచించువాని చేవ్రాలు వెనుక ఏమున్నదో తెలియువరకు మన సొమ్మును మన చేతిలోనే ఉంచుకొనుట క్షేమము.